అరకు ఘాట్‌లో ట్రాలీ లాగుతుంటే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ వేడెక్కుతోంది, ఆయిల్ కూలర్ వేయిస్తే సరిపోతుందా?

విజయనగరంలో టెంట్ హౌస్ నడుపుతున్న తమ్ముడు అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ. ఆయన దగ్గర డీజిల్ ఆటోమేటిక్ ఎస్‌యూవీ ఉంది. పెళ్లిళ్లకు, ఫంక్షన్లకు జనరేటర్ ట్రాలీని దానికే తగిలించి తీసుకెళ్తున్నారు. ట్రాలీ, జనరేటర్, కేబుళ్లు, డీజిల్ డబ్బాలు అన్నీ కలిపి టన్నుకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. కింద ఊళ్లలో ఏ ఇబ్బందీ లేదు. ఎస్.కోట దాటి అరకు ఘాట్ ఎక్కేటప్పుడు మాత్రం, టైడ వెళ్లాక గేర్‌బాక్స్ ఆయిల్ వేడెక్కిందని మీటర్‌లో వార్నింగ్ వస్తోంది. ఇంజిన్ టెంపరేచర్ ముల్లు మామూలుగానే ఉంటోంది. విడిగా ఆయిల్ కూలర్ వేయిస్తే సరిపోతుందా, లేక గేర్‌బాక్సే పోతోందా అన్నది ఆయన టెన్షన్.

కూలర్ వేయించండి, మీ వాడకానికి అది అవసరమే. కానీ అంతకన్నా ముందు ఘాట్‌లో లివర్ 'డి'లో, అంటే గేర్లు వాటంతటవే మారే డ్రైవ్‌లో, పెట్టి వదిలేయడం మానేయండి. మీరు చెప్పిన లక్షణాలను బట్టి గేర్‌బాక్స్ పోయినట్టు అనిపించడం లేదు. వేడి ఎక్కువ పుడుతోంది, పుట్టిన వేడి బయటికి పోవడం లేదు. ఈ రెండింటిలో మొదటిదాన్ని మీ డ్రైవింగ్‌తోనే చాలావరకు తగ్గించవచ్చు, దానికి రూపాయి ఖర్చు లేదు. కూలర్ రెండోదానికి. మొదటిది వదిలేసి రెండోది ఒక్కటే చేయించుకున్నవాళ్లు వేసవిలో మళ్లీ అదే వార్నింగ్‌తో మా షెడ్డుకు వస్తుంటారు.

కారణం తెలిస్తే మీ అంతట మీరే రోడ్డును బట్టి సర్దుకోగలరు, అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

మాన్యువల్ బండిలో ఇంజిన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య క్లచ్ ప్లేటు ఉంటుంది. మీ బండిలో ఆ చోట టార్క్ కన్వర్టర్ ఉంటుంది. అందులో ఇంజిన్ వైపు ఒక చక్రం, గేర్‌బాక్స్ వైపు ఒక చక్రం ఎదురెదురుగా ఉంటాయి. మధ్యలో ఆయిల్. ఇంజిన్ చక్రం ఆయిల్‌ను చిమ్ముతుంది, ఆ తోపుకు రెండో చక్రం తిరుగుతుంది. రెండూ ఒకే వేగంతో తిరగవు, రెండోది కొంత వెనకబడుతుంది. అలా జారిపోయిన శక్తి అంతా ఆయిల్‌లో వేడిగా మారుతుంది. బండి కొంచెం వేగం అందుకుని, బరువు కుదురుకున్నాక, లోపల ఉన్న లాకప్ క్లచ్ పట్టుకుని రెండు చక్రాలనూ కలిపేస్తుంది. అప్పుడు జారడం ఆగుతుంది, కన్వర్టర్‌లో వేడి పుట్టడం దాదాపు ఆగిపోతుంది.

ఇప్పుడు లెక్క చూడండి. బండి, మనుషులు, ట్రాలీ కలిపి మూడున్నర టన్నులు అనుకుందాం. వంద మీటర్లు ముందుకు పోతే ఆరు మీటర్లు ఎత్తు పెరిగే ఎక్కుడు మీద గంటకు 30 కిలోమీటర్లతో వెళ్తుంటే, ఆ బరువును పైకి ఎత్తడానికే సుమారు 17 కిలోవాట్లు కావాలి. టైర్ల రాపిడి కలిపితే 20 దాటుతుంది. లాకప్ పట్టకుండా కన్వర్టర్ ఐదో వంతు జారుతోందంటే 5 కిలోవాట్లు ఆయిల్‌లోకే పోతున్నాయి. అంటే వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టెలు ఐదు ఆన్ చేసి గేర్‌బాక్స్ ఆయిల్‌లో ముంచి ఉంచినట్టే. ఘాట్‌లో అరగంట పైనే ఎక్కుతూ ఉంటే ఆ కొద్ది లీటర్ల ఆయిల్ ఏమవుతుంది? ఇంజిన్ ముల్లు కదలకపోవడంలో వింత లేదు. అది కూలెంట్, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే రేడియేటర్ నీళ్ల, వేడి చూపిస్తుంది, గేర్‌బాక్స్ ఆయిల్ సంగతి దానికి తెలియదు.

కాబట్టి ఘాట్‌లో మీ పని ఒక్కటే: లాకప్ ఎక్కువసేపు పట్టి ఉండేలా నడపడం.

'డి'లో పెట్టి వదిలేస్తే కంప్యూటర్ డీజిల్ ఆదా కోసం పై గేరు వేస్తుంది. బరువు లాగలేక కిందికి దిగుతుంది. మలుపు తిరిగాక మళ్లీ పైకి వెళ్తుంది. గేరు మారే ప్రతిసారీ లాకప్ వదులుతుంది, క్లచ్ ప్లేట్లు రాసుకుంటాయి. మూడు, నాలుగు, మళ్లీ మూడు అంటూ ఇలా కొట్టుకోవడమే ఘాట్‌లో సగం వేడికి మూలం. దీనికి మందు మాన్యువల్ మోడ్. లివర్‌ను 'ఎస్' లేదా 'ఎం' వైపు జరిపి, ఎక్కుడు మొదలవకముందే మూడో గేరులో పెట్టండి. మెలికల దగ్గర రెండు. ఇంజిన్ 2000 నుంచి 2800 ఆర్‌పీఎం మధ్య తిరుగుతూ ఉండాలి. బండిలో టో మోడ్ (బరువు లాగేటప్పుడు వేసుకునే సెట్టింగ్) ఉంటే అది వేయండి, అది కూడా ఇదే పని చేస్తుంది.

ఇక్కడ చాలామంది భయపడతారు. ఇంజిన్ అరుస్తోంది, అరిగిపోతుందేమో అని పై గేరుకు వెళ్లిపోతారు. తక్కువ ఆర్‌పీఎంలో కాలు నొక్కి బరువు లాగించడమే ఇంజిన్‌కూ గేర్‌బాక్స్‌కూ చెరుపు. ఆర్‌పీఎం పెరిగితే వాటర్ పంపు, గేర్‌బాక్స్ ఆయిల్ పంపు వేగంగా తిరుగుతాయి. బెల్టు ఫ్యాన్ ఉన్న బండిలో అదీ వేగం అందుకుంటుంది. అదే బరువు, అదే ఎక్కుడు, అయినా ఆయిల్ చల్లబడే వేగం పెరుగుతుంది.

లాకప్ పట్టిందో లేదో తెలుసుకోవడానికి యంత్రం అక్కర్లేదు. గేరు మారకుండా ఒకే వేగంతో వెళ్తున్నప్పుడు ఆర్‌పీఎం ముల్లు ఉన్నట్టుండి రెండు మూడు వందలు కిందికి దిగి నిలబడితే, అది లాకప్ పట్టడం. ఇంకా ఖాయం చేసుకోవాలంటే యాక్సిలరేటర్‌ను అర అంగుళం నొక్కి చూడండి. వేగం పెరగకుండానే ముల్లు పైకి లేస్తే కన్వర్టర్ జారుతోంది. ముల్లు, స్పీడు రెండూ కలిసి మెల్లగా పెరిగితే పట్టి ఉంది. చదును రోడ్డు మీద రెండు మూడుసార్లు గమనిస్తే కాలికే తెలిసిపోతుంది. ఏ గేరులో, ఎంత వేగం దగ్గర పడుతోందో గుర్తుపెట్టుకుని, ఘాట్‌లో ఆ వేగం కింద పడకుండా చూసుకోండి. కొన్ని బళ్లలో రెండో గేరులో లాకప్ పట్టదు, మూడు నుంచే పడుతుంది. మీ బండి అలాంటిదైతే రెండో గేరు వాడకం మెలికల వరకే.

ట్రాఫిక్ గురించి ఒక మాట. చలికాలంలో శని, ఆదివారాలు అరకు రోడ్డు ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కర్లేదు. ట్రాలీతో ఎక్కుడు మీద అంగుళం అంగుళం జరగడమంత ఘోరం గేర్‌బాక్స్‌కు ఇంకొకటి లేదు. ముందు బండి జరిగిందని మీరూ జరగకండి. ఆగి, నాలుగు బళ్ల దూరం ఖాళీ వచ్చాక ఒక్కసారి కదలండి. వెనకవాళ్లు హారన్ కొడితే కొట్టనివ్వండి. ఎక్కుడు మీద బండిని యాక్సిలరేటర్‌తో ఆపి ఉంచడం మాత్రం ఎప్పుడూ చేయకండి. బండి కదలదు, ఇంజిన్ తిరుగుతుంది, శక్తి మొత్తం ఆయిల్‌లోకి వేడిగా పోతుంది. బ్రేకు తొక్కండి, ఎక్కువసేపు ఆగాలంటే హ్యాండ్ బ్రేకు వేసి న్యూట్రల్ చేయండి. ఎక్కుడు మీద ట్రాలీని రివర్స్ చేయడమూ ఇలాంటిదే. ఫంక్షన్ జరిగే రిసార్ట్ గేటు ఎత్తులో ఉంటే ట్రాలీని విప్పి నలుగురు మనుషులతో తోయించుకోవడం నయం.

వేళ కూడా ముఖ్యమే. ఏప్రిల్, మే నెలల్లో బొడ్డవర దగ్గర మధ్యాహ్నం గాలే 40 డిగ్రీలుంటే ఆ గాలితో రేడియేటర్ ఎంతని చల్లబరుస్తుంది? తెల్లవారుజామున ఐదింటికి ఘాట్ మొదలుపెడితే పదిహేను డిగ్రీల తేడా ఊరికే వస్తుంది. రోడ్డూ ఖాళీగా ఉంటుంది. మీ పని సాయంత్రం ఫంక్షనే కాబట్టి ఉదయమే వెళ్లిపోవడం కుదురుతుందనుకుంటాను.

వార్నింగ్ వచ్చేస్తే ఏం చేయాలి? వెడల్పైన చోటు చూసి పక్కకు తీయండి. లివర్ 'పి'లో పెట్టి హ్యాండ్ బ్రేకు వేయండి, ట్రాలీ చక్రాలకు రాళ్లు పెట్టండి. ఇంజిన్ ఆపకండి. ఆపితే ఆయిల్ పంపు ఆగుతుంది, కన్వర్టర్‌లో ఉన్న వేడి ఆయిల్ అక్కడే నిలబడిపోతుంది. ఏసీ ఆపేయండి. మెల్లగా యాక్సిలరేటర్ నొక్కి వెయ్యీ పన్నెండు వందల ఆర్‌పీఎం దగ్గర కొన్ని నిమిషాలు ఉంచితే ఆయిల్ తిరిగి చల్లబడుతుంది. వార్నింగ్ ఆరిపోయాక కూడా మరో ఐదు, పది నిమిషాలు ఆగి బయల్దేరండి. రేడియేటర్ మీద నీళ్లు గుమ్మరించడం మన రోడ్ల మీద అందరికీ అలవాటు. కాలిపోతున్న అల్యూమినియం మీద చన్నీళ్లు పోస్తే అతుకుల దగ్గర చీలిక రావచ్చు, వద్దు.

వేడి హద్దులు గుర్తుంచుకోవడానికి: మామూలు వాడకంలో ఆయిల్ 80 నుంచి 95 డిగ్రీల దాకా ఉంటుంది. ఘాట్‌లో కాసేపు 105, 110 అయినా ఫర్వాలేదు. 120 దాటితే ఆగాలి. 130 పైన రబ్బరు సీళ్లు గట్టిపడడం మొదలవుతుంది, 150 దగ్గర క్లచ్ ప్లేట్లు కాలిపోతాయి. గేర్‌బాక్స్ పనివాళ్లలో పాత లెక్క ఒకటుంది: మామూలు వేడికి పైన ప్రతి 10, 11 డిగ్రీలకు ఆయిల్ ఆయుష్షు సగానికి పడిపోతుందని. అచ్చంగా అంతే కాకపోవచ్చు గానీ, మేం పాన్ (గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టె) విప్పి చూసిన గేర్‌బాక్స్‌లు దాన్ని కాదనలేదు. ఈ అంకెలు పాన్‌లోని ఆయిల్‌కు. కన్వర్టర్ నుంచి అప్పుడే బయటికొచ్చే ఆయిల్ ఇంకా వేడిగా ఉంటుంది.

వార్నింగ్ లైటు బాగా ఆలస్యంగా వెలుగుతుంది, దాని కోసం ఎదురుచూడకండి. స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ సాకెట్‌లో (మెకానిక్‌లు బండి కంప్యూటర్‌ను చదివే చోటు) చిన్న బ్లూటూత్ స్కానర్ పెట్టి ఫోన్‌లో చూసుకోవచ్చు. అన్ని బళ్లలో గేర్‌బాక్స్ ఆయిల్ వేడి చూపించదు. కొనేముందు మీ మోడల్ పేరు చెప్పి అడిగి తీసుకోండి. అంకె కళ్ల ముందుంటే ఏ గేరులో వేడి ఎక్కుతోందో, ఏ గేరులో దిగుతోందో మీకే కనిపిస్తుంది. నేను ఇంత రాసినదానికన్నా అది ఎక్కువ నేర్పుతుంది.

ఇక బండి ముందు భాగం. కూలర్‌కు డబ్బు పెట్టకముందు ఉన్నదాన్ని కడిగించండి. మన జిల్లాల్లో సంక్రాంతి ముందు రోడ్ల మీదే నూర్పులు, ధాన్యం ఆరబోతలు. ఆ పొట్టు, నుసి, గడ్డి పరకలు గ్రిల్ లోంచి పోయి ఏసీ కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య దూరతాయి. ముందు నుంచి చూస్తే కండెన్సర్ శుభ్రంగా ఉంటుంది, వెనక రేడియేటర్ మొహం మీద దుప్పటి కప్పినట్టు పేరుకుని ఉంటుంది. చీపురుపల్లి వైపు నుంచి వచ్చిన ఒక బండికి రెండింటినీ విడదీసి చూస్తే కింది సగం గాలి దూరే సందే లేదు. కడిగి బిగించాక ఆయనకు కూలర్ అవసరమే పడలేదు. వాటర్ సర్వీస్ వాళ్ల ప్రెషర్ గన్ దగ్గర పెట్టి కొట్టిస్తే సన్నటి రేకులు వంగిపోతాయి, కాబట్టి ఇంజిన్ వైపు నుంచి ముందుకు, మామూలు పైపు ధారతో కడగాలి.

ముందు బుల్ బార్, దానికి నాలుగు లైట్లు, నంబరు ప్లేటు పైన ఇంకో బోర్డు ఉంటే తీసేయండి. గాలిని అడ్డుకుంటాయి. పైగా బుల్ బార్లు వద్దని 2017 డిసెంబరులోనే కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకు రాసింది.

ట్రాలీని కూడా చూడాలి. ఘాట్ ఎక్కి ఆగినప్పుడు ట్రాలీ చక్రాల హబ్‌ల దగ్గర చెయ్యి పెట్టి చూడండి, అంటకుండా దగ్గరగా. రెండింట్లో ఒకటి సెగలు కక్కుతుంటే బేరింగ్ బిగుసుకుందో, బ్రేకు పట్టేసి ఉందో. అలాంటి ట్రాలీ టన్ను ఉన్నా రెండు టన్నుల్లా లాగుతుంది. టైర్లలో గాలి తక్కువైనా అంతే. జనరేటర్‌ను ఇరుసుకు కాస్త ముందుకు జరిపి, మొత్తం బరువులో పదో వంతు దాకా హుక్ మీద పడేలా పెట్టండి. వెనక్కి బరువు పెడితే ట్రాలీ తోక ఊపుతుంది, ఘాట్ దిగేటప్పుడు ప్రాణాల మీదికి వస్తుంది.

ఇప్పుడు కూలర్. మీరు తరచూ ఘాట్ ఎక్కుతారు కాబట్టి ఇవన్నీ చేసినా ఇది కావాలనే నా అభిప్రాయం.

కంపెనీ బళ్లలో గేర్‌బాక్స్ ఆయిల్‌ను కూలెంట్‌తోనే చల్లబరుస్తారు. కొన్నింటిలో ఆ గొట్టం రేడియేటర్ ట్యాంకులోనే ఉంటుంది, కొన్నింటిలో గేర్‌బాక్స్ పక్కన పలకల కూలర్ బిగించి ఉంటుంది. కూలెంటే 90 డిగ్రీలు ఉంటుంది కాబట్టి అది ఆయిల్‌ను అంతకన్నా కిందికి దించలేదు. ఇంజిన్ కష్టపడే ఘాట్‌లో కూలెంట్ కూడా వేడెక్కుతుంది, ఇద్దరూ ఒకరికొకరు వేడి పంచుకుంటారు. విడిగా వేసే కూలర్ బయటి గాలితో చల్లబరుస్తుంది. అందుకే దాని తేడా తెలుస్తుంది.

పైపుల వరస ముఖ్యం: గేర్‌బాక్స్ నుంచి ముందు కంపెనీ కూలర్‌కు, అక్కడి నుంచి కొత్త కూలర్‌కు, అక్కడి నుంచి గేర్‌బాక్స్‌కు. తిరగేసి వేస్తే కొత్త కూలర్ చల్లబరిచిన ఆయిల్‌ను రేడియేటర్ మళ్లీ వేడి చేసి పంపుతుంది. కంపెనీ కూలర్‌ను తీసేయమనే మెకానిక్‌లు ఉన్నారు, ఒప్పుకోకండి. చలికాలం అరకులో ఉదయం పూట వేడి పది డిగ్రీల లోపుకు పడిపోతుంది. చల్లటి ఆయిల్ చిక్కగా ఉంటుంది, ఆయిల్ వేడెక్కే దాకా కంప్యూటర్ లాకప్ వేయదు. కంపెనీ కూలర్ ఉదయం పూట ఆయిల్‌ను వేడి చేసే పని కూడా చేస్తుంది. వీలైతే థర్మోస్టాట్ ఉన్న కూలర్ తీసుకోండి, ఆయిల్ చల్లగా ఉన్నంతసేపు అది దారి మూసి ఉంచుతుంది.

గొట్టానికి రేకులు చుట్టిన రకం కన్నా పలకలు పేర్చిన రకం, అదే ప్లేట్ కూలర్, అదే సైజులో ఎక్కువ చల్లబరుస్తుంది. కండెన్సర్ ముందు, మధ్యలో వేలు దూరేంత సందు వదిలి, ఇనుప పట్టీలతో ఛాసిస్ ముందు బార్‌కు బిగించాలి. కొన్ని కిట్లలో ప్లాస్టిక్ పుల్లలు ఇస్తారు, వాటిని కండెన్సర్ రేకుల్లోంచి గుచ్చి లాగి బిగించమంటారు. పలాస నుంచి వచ్చిన ఒక జీడిపప్పు వ్యాపారి బండికి ఒక షాపులో అలాగే బిగించారు. హైవే మీద అదురుకు కూలర్ కండెన్సర్‌ను రాసుకుంటూ రాసుకుంటూ చిల్లు పెట్టింది. ఆయన వచ్చింది ఏసీ పనిచేయడం లేదని. ముందు గ్రిల్ విప్పి చూస్తే మేకు గీసినట్టు అల్యూమినియం మీద మెరుస్తున్న గాటు, దాని కింద ఆయిల్ తడి.

పైపులు గేర్‌బాక్స్ ఆయిల్‌కు తగినవే వాడాలి. డీజిల్ పైపు, హీటర్ పైపు కొన్నాళ్లకు మెత్తబడి జారిపోతాయి, ఘాట్ మధ్యలో ఆయిల్ మొత్తం రోడ్డు మీద పడుతుంది. సైలెన్సర్ పైపుకు దూరంగా పోనివ్వాలి. పని అయ్యాక ఆయిల్ లెవెల్ మళ్లీ చూడాలి, ఎందుకంటే కూలర్, పైపులు కలిసి కొంత ఆయిల్ పట్టుకుంటాయి. ఇప్పటి గేర్‌బాక్స్‌లు చాలావాటికి డిప్‌స్టిక్ లేదు. ఇంజిన్ నడుస్తూ, ఆయిల్ కంపెనీ చెప్పిన వేడి దగ్గర ఉన్నప్పుడు లెవెల్ బోల్టు విప్పి చూడాలి. ఎక్కువ పోసినా నురగ కట్టి పంపు గాలి మింగుతుంది. అందాజుగా పోసే చోట ఈ పని చేయించకండి.

గేర్‌బాక్స్ పక్కనే పలకల కూలర్ ఉన్న మోడల్ అయితే బయటి పైపులు ఉండవు, అడాప్టర్ కావాలి, ఖర్చు పెరుగుతుంది. బండి ఇంకా వారంటీలో ఉంటే సర్వీస్ సెంటర్‌లో రాతపూర్వకంగా అడిగి చేయించండి, లేదంటే రేపు గేర్‌బాక్స్‌కు ఏం వచ్చినా మీదే బాధ్యత అంటారు. ఓనర్స్ మాన్యువల్‌లో ఎంత బరువు లాగొచ్చో చూసుకోండి. అసలు లాగొద్దని రాసి ఉంటే కూలర్ వేసినంత మాత్రాన ఆ మాట మారదు, ఇన్సూరెన్స్ వాళ్లూ అదే చూపిస్తారు. ట్రాలీకి రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ ఉండాలని వేరే చెప్పనక్కర్లేదు.

గేర్‌బాక్స్ ఇప్పటికే దెబ్బతిందా అన్న మీ భయానికి ఒక చిన్న పరీక్ష ఉంది. ఒక్క చుక్క ఆయిల్ తీయించి తెల్ల టిష్యూ కాగితం మీద వేయండి. పది నిమిషాలకు చుక్క పరుచుకుంటుంది. ఎర్రగానో, లేత గోధుమ రంగులోనో ఒకే తీరుగా పాకితే సంతోషం. మధ్యలో నల్లటి మచ్చ ఆగిపోయి చుట్టూ పసుపు వలయం ఏర్పడితే, కాలిన వాసన వస్తే ఆయిల్ పాడైపోయినట్టే, వెంటనే మార్చాలి. పాన్ విప్పినప్పుడు లోపలి అయస్కాంతాల మీద బూడిద రంగు మెత్తటి ముద్ద ఉండడం మామూలే. వేళ్ల మధ్య నలిపితే గుచ్చుకునే మెరుపు తునకలు ఉంటే మాత్రం గేర్‌బాక్స్ విప్పాల్సిన పని. ఆయిల్ గులాబీ రంగు నురగలా ఉంటే రేడియేటర్ లోపలి కూలర్ పగిలి కూలెంట్ కలిసింది. ఆ బండిని స్టార్ట్ కూడా చేయొద్దు.

ఆయిల్‌ను జీవితాంతం మార్చక్కర్లేదన్న మాట బరువు లాగే బండికి వర్తించదు. మీ వాడకానికి 40 వేల కిలోమీటర్లకు ఒకసారి మార్చమంటాను, వార్నింగ్ చాలాసార్లు వచ్చి ఉంటే ఇప్పుడే. పాన్ బోల్టు విప్పితే సగం లోపే బయటికొస్తుంది, మిగతాది కన్వర్టర్‌లో ఉండిపోతుంది. అందుకని కొంత నడిపి మళ్లీ రెండోసారి తీసి పోయాలి. కంపెనీ చెప్పిన గ్రేడే పోయండి. ఎర్రగా ఉన్న ప్రతి ఆయిల్ ఒకటి కాదు.

ఈ సమాధానం చదివే మిగతావాళ్ల కోసం: ఇదంతా టార్క్ కన్వర్టర్ గేర్‌బాక్స్‌ల సంగతి. ఫార్చునర్, స్కార్పియో-ఎన్, థార్ డీజిల్ ఆటోమేటిక్‌లు ఆ రకం. చిన్న కార్లలో వచ్చే ఏఎంటీ వేరు. అది మామూలు క్లచ్‌నే మోటారు తొక్కే ఏర్పాటు, దాంతో ట్రాలీ లాగితే క్లచ్ ప్లేటు కాలుతుంది, ఏ కూలరూ కాపాడలేదు. డ్రై క్లచ్ డీసీటీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్) కూడా ఎక్కుడు మీద మెల్లగా జరిగితే అలాగే వేడెక్కుతుంది. గేర్లకు బదులు బెల్టుతో నడిచే సీవీటీలో ఆ బెల్టు మీద భారం పడుతుంది. ఈ మూడింటితో బరువు లాగే ఆలోచన పెట్టుకోకండి.

శ్రీకాకుళం తీరంలో పడవ ట్రాలీలు లాగేవాళ్లు కూడా అడుగుతుంటారు. బారువ దగ్గర ఇసుకలోంచి ఫైబర్ పడవను లాగే ఒక రిసార్ట్ వాళ్ల ఫోర్ వీల్ డ్రైవ్ బండికి దూరం వంద గజాలే, అయినా ఆయిల్ నల్లగా మాడింది. ఇసుకలో బండి కదలక, కన్వర్టర్ జారుతూ ఉండడమే కారణం. 'ఫోర్ లో'లో (నాలుగు చక్రాలకూ తక్కువ గేరుతో తోపు ఇచ్చే అమరిక) పెట్టి, టైర్ల గాలి కొంచెం తగ్గించి లాగమన్నాం. లో గేరులో చక్రాల దగ్గర తోపు పెరుగుతుంది, కన్వర్టర్ మీద భారం తగ్గుతుంది. వాళ్లకు ఆ తర్వాత ఆ ఇబ్బంది రాలేదు. తారు రోడ్డు మీద మాత్రం 'ఫోర్ లో' వాడకండి, మలుపుల్లో ఇరుసులు పట్టేస్తాయి.

దిగేటప్పుడు న్యూట్రల్ చేసి వదిలేయడం వద్దు. ఎక్కిన గేరులోనే దిగండి, ఇంజిన్ బ్రేకింగ్ ఉంటే బ్రేకు లైనింగ్ కూడా మిగులుతుంది.

చివరిగా, ఘాట్‌లో బండి ఆగిపోతే ఏదో లారీకి టోచన్ కట్టి లాగించకండి. ఇంజిన్ ఆగితే ఆయిల్ పంపు ఆగుతుంది. చక్రాలు తిరుగుతుంటే గేర్‌బాక్స్ లోపలి భాగాలు ఆయిల్ లేకుండా తిరిగి, కొద్ది కిలోమీటర్లకే అరిగిపోతాయి. ఫ్లాట్‌బెడ్ మీదే ఎక్కించాలి, ట్రాలీని వేరే బండితో దించుకోవాలి. ఘాట్‌లో చాలా మలుపుల దగ్గర సిగ్నల్ ఉండదు కాబట్టి ఎస్.కోటలో, అరకులో ఒక్కో ఫ్లాట్‌బెడ్ వాళ్ల నంబరు ముందే కాగితం మీద రాసి బండిలో పెట్టుకోండి. టిష్యూ మీద చుక్క వేశాక ఫొటో ఇక్కడ పెడితే చూసి చెబుతాను.